ఆసియాలో ఐదో స్థానం, సున్నా పాయింట్లు

కుస్తీలో నాది ఆసియాలో ఐదో స్థానం. ఈ మాట వినగానే ఎదుటివాళ్ల కళ్లు పెద్దవవుతాయి. అది ఎలా వచ్చిందో చెబితే మళ్లీ మామూలుగా అయిపోతాయి. అందుకే మొదటి సగంతోనే ఆపేద్దామని చాలాసార్లు అనిపించింది.

ఆసియా పోటీల్లో నా మొదటి ఆట జపాన్ అమ్మాయితో. చేతులు కలిపాం. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆ తర్వాత నాకు కనిపించింది స్టేడియం పైకప్పు. దాన్ని నాలుగైదు కోణాల్లో తీరిగ్గా చూశాక, రిఫరీ ఆమె చెయ్యి పైకెత్తాడు. పది పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో ఆపేస్తారు. నాది ఆపడానికి నిమిషం కూడా పట్టలేదు. మా కోచ్ ఇంకా కుర్చీ సర్దుకుంటున్నాడు.

కుస్తీలో దయగల నియమం ఒకటుంది. మనల్ని ఓడించిన మనిషి ఫైనల్‌కు వెళ్తే, మనకు ఇంకో అవకాశం ఇస్తారు. జపాన్ అమ్మాయి నా మీద జాలితో కాకపోయినా ఫైనల్‌కు వెళ్లింది. మర్నాడు నాతో తలపడాల్సిన అమ్మాయి మోకాలు వాచి మ్యాట్ మీదకే రాలేదు. నేను ఒక్కదాన్నే మధ్యలో నిలబడితే రిఫరీ నా చెయ్యి ఎత్తాడు. నా అంతర్జాతీయ జీవితంలో ఏకైక విజయం అలా ఎవరినీ ముట్టుకోకుండా వచ్చింది. కాంస్యం కోసం జరిగిన పోటీలో మంగోలియా అమ్మాయి నా రెండు భుజాలనూ మ్యాట్‌కు ఆనించి పని ముగించింది. కుస్తీలో కాంస్యాలు రెండు, వాటి కోసం ఆడి ఓడిన ఇద్దరిదీ ఐదో స్థానమే. పతకం ఆమెకు, ఐదో స్థానం నాకు.

మా నాన్న పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్లో, బీహార్ నుంచి వచ్చిన కార్మికుల మధ్య కూర్చుని ఫోన్లో నా పోటీలు చూశాడు.

"ఓడిపోయిన, నాన్నా" అన్నాను ఫోన్ చేసి.

"సూసిన, బిడ్డా. నిన్నటి ఆట సగమే వచ్చింది. నెట్ మంచిగ లేకుండె."

"నెట్ మంచిగనే ఉండె నాన్నా. ఆటనే గంత."

ఇంటికొచ్చేసరికి మా కాజీపల్లి మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. 'ఆసియా ఛాంపియన్‌కు ఘన స్వాగతం'. అందులో మా కాలనీ నాయకుడి ఫొటో తలుపంత ఉంది. మూలకు నా ఫొటో, తొమ్మిదో తరగతి గుర్తింపు కార్డులోది, రెండు జడలతో. కుస్తీలో గెలిచింది ఎవరో దారినపోయేవాళ్లకు ఏ అనుమానమూ రాదు.

"అన్నా, నేను ఛాంపియన్ కాదు. ఐదోదాన్ని" అన్నాను నాయకుడితో.

"ఆసియాల ఎంతమంది ఉంటరు చెల్లె? కోట్లమంది. అండ్ల ఐదోదంటే ఛాంపియన్ కిందనే లెక్క."

మా బరువు విభాగంలో పోటీపడింది పదమూడు మందిమేనని చెప్పేలోపే మెడలో దండ పడింది.

సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సన్మానం. నాయకుడు చాలాసేపు మాట్లాడాడు. చిన్నప్పుడు తనూ కుస్తీ పట్టేవాడేనట, ప్రజాసేవ పిలిచింది కాబట్టి దేశం ఒక పతకం కోల్పోయిందట. ముందు వరుసలో మా నాన్న డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, కంపెనీ చొక్కాతోనే కూర్చున్నాడు. 'ఛాంపియన్' అన్న మాట వినబడినప్పుడల్లా తల దించుకుంటున్నాడు.

మైకు నా చేతికి వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను. నేను ఒక్క పాయింటు కూడా సంపాదించలేదని, నేను గెలిచింది ఎదుటి అమ్మాయి మోకాలి వల్లనని. నాయకుడు మైకు లాక్కున్నాడు.

"సూసిండ్రా! ఆసియా ఛాంపియన్ అయినా ఎంత వినయమో!"

చప్పట్లతో హాలు అదిరిపోయింది.

తిరిగి వస్తుంటే నాన్న బండి నెమ్మదిగా నడుపుతూ, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు.

"ఎవ్వరు నమ్మలే నాన్నా."

"నాకు ఎరుకనే గదా." మలుపు తిరిగాక అడిగాడు. "గా జపాన్ పిల్ల నీ కాలు ఎట్ల దొరకబట్టింది? ఇంటికి పోయినంక జెర సూపియ్యి."

ముందు గదిలో పరుపు పరిచి చూపించాను. నాన్న దబ్బున పడ్డాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చి, "నడుము ఇరిగితే రేపు డ్యూటీకి ఎవరు పోతరు? ఆసియా పోతదా?" అంది. పరుపు మీద పడి ఉండే నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. అమ్మ అన్నం పెట్టింది.

మరుసటి ఏడాది ఎంపిక పోటీల్లోనే ఓడిపోయాను. ఇప్పుడు సంగారెడ్డిలో ఒక బడిలో కుస్తీ నేర్పుతున్నాను. కొత్తగా వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది ఒకటే.

"మా బిడ్డను ఏసియాకు ఎన్ని నెలలల్ల పంపిస్తవ్ మేడం?"

మొదటి నెలంతా కింద పడటమే నేర్పుతానంటాను. సగం మంది అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. ప్రస్తుతం ఏడుగురు ఆడపిల్లలు మిగిలారు. బాగానే పడుతున్నారు.