విరిగిన తాళంచెవి

ఎక్కడ కూర్చున్నా ఆవిడ ఎడమ పిడికిలిలో కుడి బొటనవేలు దూర్చి, లాగి చూసుకుంటూ ఉంటుంది. ఎదుటివాళ్లకు అది పిచ్చి అలవాటు, ఆవిడకు అదే ఉద్యోగం. రక్తంలో కాపురం పెట్టిన ఒక పరాన్నజీవి బతకాలంటే దాని ఎంజైమ్ ఆడుతూ ఉండాలి. ఆ ఎంజైమ్‌లో తాళం రంధ్రంలాంటి చిన్న గూడుంటుంది; ఆ గూటిలో దూరి, మళ్లీ బయటికి రాకుండా దాని పని ఆపే మందు తయారుచెయ్యాలి. కిటికీ లేని గదిలో, కంప్యూటర్ తెర మీద ఏళ్లుగా అదే గూటిని అటూ ఇటూ తిప్పుతోంది. ఆవిడ గీసిన అణువులన్నీ లోపలికి వెళతాయి, చుట్టపుచూపుగా కాసేపుండి జారిపోతాయి.

ఒక ఉదయం ఆఫీసుకు బయల్దేరుతూ లోపలినుంచి తీయబోతే వీధి తలుపు తాళంలో చెవి విరిగింది. ఆవిడా, అత్తగారూ ఇద్దరూ లోపలే చిక్కుకుపోయారు. తాళాలు బాగుచేసేవాడు వచ్చి బయటినుంచి కాసేపు గెలికి, "ముక్క బిగుసుకుపోయిందమ్మా, ఇక రాదు," అన్నాడు.

ఆవిడ తలుపు సందుకు నోరు ఆనించింది. "ఎంత లాగినా రాదా?"

"తలకిందులుగా తపస్సు చేసినా రాదు."

"అత్తయ్యా, నాక్కావలసింది సరిగ్గా ఇదే!"

"ఇరుక్కుపోయి ఏడుస్తుంటే నీ సంబరమేంటే తల్లీ!"

"కంగారెందుకమ్మా," బయట అతను నవ్వాడు. "పాతది పీకేసి వేరే రకం తాళం బిగిస్తా. చిటికెలో పని."

ఆవిడ పిడికిలి సడలింది. పరాన్నజీవి కూడా అంతే చేస్తుంది. ఎంజైమ్ పాడైతే, గూడు మార్చిన కొత్తదాన్ని తయారుచేసుకుంటుంది.

తలుపు బార్లా తెరుచుకుంది. కొత్త తాళంచెవి పట్టుకుని ఆవిడ అక్కడే నిలబడిపోయింది.

"తలుపు తీశారుగా," అన్నారు అత్తగారు, "ఇంకా కదలవేం?"