జప్తు పడవకి నీళ్లు

అబద్ధమెందుకు, మా ఆయన దొంగ ఇసక తోలాడు. అమలాపురంలో డాబాలు లేస్తున్న రోజులవి. వైనతేయ గోదారి ఒడ్డున, ఏటిగట్టు పక్కనే తవ్వితే పడవ తొందరగా నిండేది. ఆ గట్టు తెగితే ముందు మునిగేది మా కొంపే. కూర్చున్న కొమ్మ నరుక్కోవద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చివరికి ఊళ్లోవాళ్లు అర్జీ పెడితే, రెవెన్యూ వాళ్లొచ్చి పడవని జప్తు చేశారు. నాకు ఏడుపొచ్చింది. లోపల కాస్త నిమ్మళంగానూ ఉంది.

పడవని ఒడ్డు మీదకి లాగించి, గట్టు చూసుకునే లస్కరుని కాపలా పెట్టారు. మంచి ఎండాకాలం. ఒడ్డున పడున్న చెక్కపడవ ఎండి, సందులు విచ్చుకుంటుంది. మళ్లీ ఏట్లో దింపితే మునగడమే. కేసు తేలేసరికి మాకు మిగిలేది వంటచెరుకు. మా ఆయన దిగులుతో మంచం దిగలేదు. అందుకని నేనే రోజూ పొద్దున్నే ఏటినీళ్లు బిందెలతో తెచ్చి పడవంతా తడిపేదాన్ని. లస్కరు మొదట కసిరాడు, తర్వాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పడవ చేతికొస్తే చేపలకే గానీ ఇసకకి పోనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

ఓ ఉదయం తాసీల్దారుగారు చెప్పకుండా దిగారు. పడవ లోపల చెయ్యి పెట్టి చూశారు. తడి. రాత్రి నడిపి తెచ్చి పెట్టారని తేల్చేశారు. ఆయన్ని మాత్రం ఏమనగలం, అలా నడిపినవాళ్లు అప్పటికే పట్టుబడి ఉన్నారు. లస్కరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఉద్యోగం భయం పాపం. అయినా ఇప్పటికీ తిట్టుకుంటాను.

"నేనే పోసేనండీ బాబూ. ఎండిపోతే మరి పనికిరాదని పోసేనండీ."

"జప్తు పడవకి ఎవరైనా నీళ్లు పోస్తారా?" అని నవ్వి, పగలగొట్టించమని చెప్పి జీపెక్కారు.

ఊళ్లో పడవలు కట్టే వడ్రంగినే పిలిపించారు. అతను అడుగుచెక్కలన్నీ తడిమి చూసి, ఆవేళ మంచం దిగొచ్చిన మా ఆయనతో అన్నాడు.

"ఎక్కడా విచ్చలేదండీ. ఇంత ఎండలో ఎవరండీ ఇంత బాగా చూసుకున్నారు?"

మా ఆయన నా వంక చూశాడు. నా కాపురంలో నా పనిని ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మెచ్చుకుని, వడ్రంగి గొడ్డలి ఎత్తాడు.