బోర్డు మీద మొదటి వరుస

పొద్దున పది కొట్టేసరికి ఆ వీధిలో పదకొండు విదేశీ మారకం కొట్లు షట్టర్లు ఎత్తేవి గానీ, ఇంకో పది నిమిషాల దాకా ఒక్క బోర్డు మీదా అంకె పడేది కాదు. అందరూ బొటనవేలాయన కొట్టు వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. ఆయన తడిగుడ్డతో నల్లబోర్డు తీరిగ్గా తుడిచి, ఆరేదాకా ఆగి, మొదటి వరుసలో డాలర్ అని రాసి, ఎదురుగా అంకె వేసేవాడు. అది చూసుకుని మిగతా పదిమందీ తమ బోర్డులు రాసుకునేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి. ఒకసారి ఆయనకి జ్వరమొస్తే వీధి వీధంతా పదకొండున్నర దాకా చేతులు కట్టుకుని కూర్చుంది.

బొటనవేలాయన అన్న పేరు ఊరికే రాలేదు. డాలర్ నోటు ఇస్తే ఆయన వెలుగుకి పెట్టి చూడడు, మిషన్‌లో పెట్టడు. బొటనవేలు ఒకసారి అంచు వెంట జార్చి "ఊఁ" అంటే మంచిది. ఏమీ అనకుండా వెనక్కి తోసేస్తే దొంగది. ఈ విద్య నేర్పింది మామగారు. అప్పటికింకా మామగారు కాదు, యజమాని. కొత్తగా చేరిన గుమాస్తా కళ్ళకి చేతిరుమాలు కట్టి, వంద నోట్లలో ఒక దొంగనోటు కలిపి, "తియ్యవోయ్ చూద్దాం" అనేవారు. మూడు నెలలకి తీశాడు. మరో ఏడాదికి పెద్దమ్మాయినిచ్చి పెళ్ళి చేసి, కొట్టు చేతిలో పెట్టి, ఆ రోజు నుంచి "మీరు" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా అల్లుడి వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

డాలర్ మర్యాద కూడా ఆ వీధిలో పెద్దల్లుడి మర్యాద లాంటిదే. పొరుగు దేశం నుంచి చెప్పులు తెప్పించుకోవాలన్నా, కుట్టుమిషన్లు తెప్పించుకోవాలన్నా, ఇక్కడి డబ్బు పోసి డాలర్ కొనాలి. అవతలివాడు ఆ డాలర్ అమ్ముకుని తన దేశపు ఎర్రనోటు కొనుక్కోవాలి. రెండు గుమ్మాలు, రెండు చోట్లా మార్చిపెట్టినవాడి కోత. ఇదేం తిరుగుడని ఎవరూ అడగలేదు. అందరూ డాలరే అడుగుతారు కాబట్టి అందరూ డాలరే ఉంచుకుంటారు, అందరూ ఉంచుకుంటారు కాబట్టి అందరూ అడుగుతారు.

ఆ తిరుగుడికి అడ్డుపుల్ల వేసినవాడు సొంత తోడల్లుడు.

మామగారి చిన్నల్లుడు రేవులో సరుకుల కాగితాలు చూసే కంపెనీలో పనిచేసేవాడు. అది మూతపడితే, రెండేళ్ళ కిందట నాలుగు కొట్ల అవతల ఖాళీగా ఉన్న గది అద్దెకి తీసుకున్నాడు. మొదటిరోజే వచ్చి నమస్కారం పెట్టాడు.

"అన్నయ్యా, డాలర్ జోలికి నేను రాను. అది నీ సొత్తు. నేను ఎర్రనోటు ఒక్కటే పెట్టుకుంటాను."

"ఆ కాగితాలు ఎవడు కొంటాడోయ్? గోడలకి అతికించుకుంటావా?" అని నవ్వాడు బొటనవేలాయన. మంచి మనసుతోనే నవ్వాడు. తనకన్నా తక్కువవాడి మీద మంచి మనసు ఎవరికైనా ఉంటుంది.

ఏడాది తిరక్కుండా చెప్పుల షావుకారు పంపిన డాలర్లు దూరాన డాలర్ దేశంలో ఏదో ఆఫీసులో ఇరవై రెండు రోజులు ఇరుక్కుపోయాయి. ఆయన పేరే ఉన్న ఇంకెవరి మీదో అక్కడ నిషేధం ఉందట. "నేను వాణ్ణి కాదని నాలుగు సంతకాలు పెట్టానయ్యా. ఇప్పుడు నేను నేనే అని ఇంకో నాలుగు పెట్టమంటున్నారు" అని షావుకారు వీధిలో నిలబడి మొత్తుకున్నాడు. తరవాతి సరుకుకి తిన్నగా తోడల్లుడి దగ్గరికెళ్ళి ఎర్రనోట్లు తీసుకున్నాడు. అవతలివాడు సంతోషంగా పుచ్చుకున్నాడు. వాడికీ ఒక గుమ్మం తగ్గింది కదా. షావుకారు వెనకే టైర్లవాళ్ళు, వాళ్ళ వెనక గాజుసామాన్లవాళ్ళు.

బొటనవేలాయనకి కడుపు మండిపోయింది మరొకందుకు. డాలర్ పడిపోలేదు. పడిపోతే కనీసం ఏడవచ్చు. బోర్డు మీద అంకె ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "డాలర్‌కేమండీ, రాజా!" అని అందరూ అంటారు. అంటూనే కొట్టు దాటి వెళ్ళిపోతారు.

ఆయన డబ్బు లెక్కపెట్టడం తగ్గించి టీ గ్లాసులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఖాతాదారు వస్తే టీ ఇప్పించడం ఆ వీధి అలవాటు. ఒకప్పుడు తన కొట్టుకి పూటకి ఇరవై గ్లాసులు వచ్చేవి. ఇప్పుడు ఆరు, అందులో రెండు తనే తాగుతున్నాడు.

"ఏమయ్యా, పళ్ళెం నింపుకుని ఎక్కడికి?" అని టీ అతన్ని ఆపాడు ఒకరోజు, తెలిసి తెలిసీ.

"ఇంకెక్కడికండీ, చిన్నల్లుడుగారి కొట్టుకి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదండీ."

"కొమ్ములొచ్చింది నీకు. టీ అక్కడ పెట్టి నడువు."

ఇంట్లో భార్యది ఇంకో ధోరణి. "పరాయివాడా ఏంటి, మన మరిదే కదండీ. వాళ్ళు పచ్చగా ఉంటే మనకీ చల్లనే."

"అంత చల్లగా ఉంటే వెళ్ళి అక్కడే కూర్చో. ఫ్యాను ఖర్చయినా మిగులుతుంది."

అన్నిటికన్నా లోతుగా దిగిన ముల్లు మామగారి కుర్చీ. రోజూ పది నుంచి పన్నెండు దాకా ఆయన పెద్దల్లుడి కొట్లో కూర్చుని పేపరు చదివేవారు. ఒక సోమవారం పేపరు చంకలో పెట్టుకుని ముందుకి సాగిపోయారు. "అక్కడ గాలి బాగుంది అల్లుడుగారూ" అన్నారు మర్నాడు. గాలి ఎటు వీస్తే అటే వెళ్ళారు, అబద్ధమేం చెప్పలేదు. ఆ మధ్యాహ్నం నాలుగు కొట్ల అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఏమోయ్, తిన్నావా లేదా?" తనని మాత్రం ఇరవై ఆరేళ్ళుగా "భోంచేశారా" అనే అడిగారు. గర్వంగా దాచుకున్న ఆ "మీరు" ఒక్కసారిగా తనని గుమ్మం బయట నిలబెట్టిన మాటలా వినిపించింది.

పోయిన నెల లైసెన్సు ఆఫీసు నుంచి అన్ని కొట్లకీ ఒక కవరు వచ్చింది. పైన "ఎర్రనోటు, కొత్త ముద్రణ" అని ఉంది. బొటనవేలాయన ఆ రెండో మాట దాకా కూడా చదవలేదు. నాలుగు మడతలు పెట్టి, కొట్లో ఊగే బల్ల కురచకాలి కింద దూర్చాడు. బల్ల ఊగడం ఆగింది.

ఒక మధ్యాహ్నం కుట్టుమిషన్లు అమ్మే ఆవిడ వచ్చింది. తోడల్లుడు భోజనానికి వెళ్ళాడు, షట్టరు సగం దించి ఉంది. ఆవిడ చేతిలో పొద్దున అతని దగ్గర తీసుకున్న ఎర్రనోట్ల కట్ట. సూదులు వేరే దేశం నుంచి వస్తాయి, వాళ్ళింకా డాలరే అడుగుతున్నారు. అయిదు నోట్లు మార్చిపెట్టమంది.

ఆయన నోటు అందుకుని బొటనవేలు జార్చాడు. మళ్ళీ జార్చాడు. కాగితం మెత్తగా ఉంది, అంచు దగ్గర మైనం రాసినట్టు నునుపు. వేలు ఆగింది. ఈ నోటు నాకు తెలియదు, అంతే అంది వేలు. ఆయన దాన్ని తనకి కావలసినట్టు విన్నాడు.

"ఎక్కడివమ్మా ఇవి?"

"మీ తమ్ముడుగారి దగ్గరే కదండీ తీసుకున్నాను."

"దొంగవి."

గొంతు తగ్గించి అనొచ్చు. గుమ్మంలోకి వచ్చి మరీ అన్నాడు. "దొంగనోట్లమ్మా! కట్టంతా ఇలా ఇవ్వండి!"

క్షణంలో వీధి అక్కడ చేరింది. ఆ రెండు నిమిషాలూ ఆయనకి ఎంతో హాయిగా ఉంది, అందరి కళ్ళూ మళ్ళీ తన వేలి మీదే ఉన్నాయి. తోడల్లుడు ఎంగిలిచేత్తో పరుగెత్తుకొచ్చాడు. వెనకే మామగారు. అతను కేకలు వెయ్యలేదు. చెయ్యి కడుక్కుని, నోట్లు పరీక్షించే తన మిషన్ తెచ్చి ఆ బల్ల మీదే పెట్టి, ఒక్కొక్క నోటూ దూర్చాడు. పచ్చదీపం. పచ్చదీపం. జనం పైకే లెక్కపెట్టారు. నలభై నోట్లకి నలభై పచ్చదీపాలు.

"కొత్త ముద్రణ అన్నయ్యా. కాగితం మార్చారు. పోయిన నెల అందరికీ ఉత్తరం వచ్చిందిగా."

మామగారు నడుం వంచి బల్ల కిందికి చూశారు. కవరు మీది ముద్ర సగం బయటికే ఉంది. "ఉత్తరం వచ్చినట్టే ఉంది అల్లుడుగారూ" అన్నారు నెమ్మదిగా. ఎవరో ఫక్కుమన్నారు.

తోడల్లుడు వాళ్ళ వైపు తిరిగి, "నవ్వుతారేంటండీ? అనుమానం వస్తే ఆపాల్సిందే. అన్నయ్య చేసింది తప్పేం కాదు" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ మంచితనం పుండు మీద కారంలా తగిలింది. రెండేళ్ళ కిందట తను నవ్విన నవ్వు కూడా ఇలాంటిదేనని బొటనవేలాయనకి అప్పుడు తెలిసింది.

మర్నాడు పదింటికి ఆయన బోర్డు తుడిచి, ఆరేదాకా ఆగి, మొదటి వరుసలో డాలర్ అంకె వేసి వెనక్కి తిరిగాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. కొట్లవాళ్ళందరూ సుద్దముక్కలు పట్టుకుని నాలుగు కొట్ల అవతలికి తిరిగి నిలబడ్డారు.

చాలాసేపు తన బోర్డు పక్కనే నిలబడి, చివరికి మెట్లు దిగి అటు నడిచాడు. తోడల్లుడి బోర్డు మీద మొదటి వరుసలో ఎర్రనోటు, దాని అంకె. రెండో వరుసలో ఇంకో పొరుగు దేశపు నోటు, దాని అంకె. మూడో వరుసలో డాలర్. ఎదురుగా ఖాళీ.

"నీ కోసమే ఆగాం అన్నయ్యా. డాలర్ ఎంత?"

మామగారు పేపరు కాస్త దించి చూశారు. బొటనవేలాయన అంకె చెప్పాడు. తోడల్లుడు మారుమాట లేకుండా, ఒక్క గీత చెరపకుండా, మూడో వరుసలో రాశాడు. వీధంతా రాసుకుంది.

"కొత్త ఎర్రనోటు ఒకటియ్యి" అన్నాడు బొటనవేలాయన.

"అయ్యో, తీసుకో అన్నయ్యా."

"ఊరికే వద్దు. డాలర్లకి మార్చు."

"సరే. నీ దగ్గర కోత ఏంటిలే."

"అందరి దగ్గరా ఎంతో నా దగ్గరా అంతే తియ్యి!"

జీవితంలో మొదటిసారి కోత ఇచ్చి తన కొట్టుకి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, చేతిరుమాలు తీసి కళ్ళకి కట్టుకుని, ఆ ఒక్క నోటునీ అటూ ఇటూ తిప్పుతూ అంచు వెంట వేలు జార్చాడు. చాలాసేపు.

"కళ్ళకేమైందండీ?" అంది టీ అతని గొంతు.

"నా కళ్ళకేమయ్యా, బాగానే ఉన్నాయి."

రుమాలు విప్పి లేచాడు. డాలర్ కింద రెండో వరుసలో "ఎర్రనోటు, అమ్మకం ధర" అని రాశాడు. తోడల్లుడి బోర్డు మీది అంకె అచ్చుగుద్దినట్టు గుర్తుంది. దాన్ని అలాగే దింపి, చివరి అంకె దగ్గర ఆగి, ఒకటి తగ్గించాడు.

"ఆ పళ్ళెం అటు తీసుకెళ్ళేటప్పుడు ఈ బోర్డు చూసుకుని వెళ్ళు. చూసింది అక్కడ చెప్పు" అన్నాడు టీ అతనితో.

అమ్మడానికి కొట్లో ఉన్నది ఆ ఒక్క నోటే.