జర ఏడిపియ్యాలె

మంచిర్యాల స్టేషన్ వెయిటింగ్ రూంలో, మా కార్మికుల కాలనీ లైబ్రరీ పైకప్పు కోసం దాతల సంస్థకు రాసిన ప్రతిపాదన సరిచూసుకుంటున్నాను. పక్కనున్న పెద్దమనిషి, ఇట్లాంటివి రాసివ్వడమే తన పని అంటూ తీసుకుని చదివాడు.

"గిట్ల రాస్తే ఎవ్వడియ్యడు తమ్మీ. మావోళ్లకు అక్షరం ముక్క రాదని రాయి. జర ఏడిపియ్యాలె."

నాకు ఒళ్లు మండింది.

"మా బాపు బొగ్గుబాయిల డ్యూటీ దిగి, మసి కడుక్కొని, గా లైబ్రరీలనే పేపర్ చదివేటోడు. పుస్తకం పట్టుడు నాకు గాడనే నేర్పిండు. గాయనకు అక్షరం రాదని రాయాల్నా?"

"గరం గాకు. పైకప్పు కావాల్నా, ఇజ్జత్ కావాల్నా?" అని నవ్వాడు.

కాగితాలు గుంజుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను.

ఆ ప్రతిపాదనను సంస్థ తిప్పి పంపింది. ఏటా మళ్లీ రాస్తున్నాను. మొదటి వాక్యం మాత్రం మార్చను: "మా దగ్గర చదివేవాళ్లున్నారు, పైకప్పే సరిగ్గా లేదు."