బొమ్మల సినిమాకు అరువు మేనకోడలు

ముందే చెబుతున్నాను, ఇది చదివాక మీరు మీ పిల్లల్ని నాతో వీధి చివరి దుకాణానికి కూడా పంపరు. పంపకూడదు కూడా. వరదా భూకంపమూ ఏదీ లేకుండా, పట్టపగలు, ఉత్త సినిమా చూసి నేను తెచ్చిపెట్టిన ఉపద్రవం తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. కొత్త ఉద్యోగం. నా విద్యార్థులకూ నాకూ వయసులో పెద్ద తేడా లేదు కాబట్టి ఆ తేడాను ముఖంతో పుట్టించేవాణ్ని. మూత బిగుసుకుపోయిన పచ్చడి సీసాలాగా ఉండేది ఆ ముఖం. పిల్లలు దాన్ని చూసి భయపడుతున్నారని నాకు గర్వం.

ఒకరోజు వెనక బెంచీవాళ్లు కొత్తగా వచ్చిన బొమ్మల సినిమా గురించి గుసగుసలాడుతుంటే లేపి నిలబెట్టాను. ఆకాశంలో ఎగిరి జనాన్ని కాపాడే ఒక తాత, ఆయన మనవరాలు, ఇదీ కథట. "ఇంటర్ చదువుతున్నరు, ఇంకా బొమ్మల సినిమాలేంది?" అని మొదలుపెట్టి, గంట కొట్టేదాకా దులిపేశాను. ఇక్కడ మీకొక్కరికే చెబుతున్నాను. ఆ సినిమా ట్రైలరు ఫోనులో ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. లెక్కల మాస్టారికే.

చూడకపోతే ప్రాణం పోయేలా ఉంది. మానుకోటలో చూస్తే పరువు పోతుంది. అందుకని ఆదివారం రైలెక్కి జనగామ వెళ్లాను. అక్కడ మా అక్క ఉంటుంది. బావకు ఎరువుల దుకాణం. వాళ్ల కూతురు సిరి ఒకటో తరగతి. పక్కన ఒక పసిపిల్ల ఉంటే చాలు, బొమ్మల సినిమాకు వచ్చిన మగాణ్ని లోకం త్యాగమూర్తిలా చూస్తుంది. నాకు కావలసింది ఆ పసిపిల్లే.

పాపం పిల్ల ఇంట్లో కూర్చుని విసిగిపోతోంది, సినిమా చూపించుకొస్తానని అక్కతో అన్నాను. అప్పటిదాకా ఆ పిల్లకు ఒక్క బిస్కెట్ పొట్లం కూడా తేని తమ్ముడికి ఇంత ప్రేమ ఎక్కడినుంచి వచ్చిందా అని అక్క కాసేపు నన్ను చూసింది.

సిరి మాత్రం, "నేను చూసిన మామా. నాయిన తీస్కపోయిండు" అంది.

మళ్లీ చూడమన్నాను. ఒక్కసారి చూస్తే అర్థం కాదన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి జాలిపడి చెప్పులు తొడుక్కుంది.

హాల్లో అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. చంకలో బిడ్డలు, చేతికర్రలతో అవ్వలు, కొత్తగా పెళ్లయిన జంటలు. నా పక్క సీట్లో దేవరుప్పుల నుంచి మనవలతో వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. నేను చేతులు కట్టుకుని, పిల్ల కోసం వచ్చాను తప్ప నాకేమీ పట్టదన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాను.

ఆ వాలటం ఎంతోసేపు సాగలేదు. తెర మీద తాత ఎగరబోయి మోకాలు పట్టేసి కూలబడగానే, పెద్దాయన "గది నా మోకాలే" అన్నాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటర్వెల్ అయ్యేసరికి కుర్చీ అంచుకు వచ్చాను. చివరికి కొండ విరిగి ఊరిమీద పడుతుంది, తాత శక్తులన్నీ పోతాయి, మనవరాలు ఒక్కో పిల్లనే మోసుకుని బయట పెడుతుంటుంది. ఇంకొక పసివాడు లోపలే మిగిలిపోతాడు. వెళ్లవద్దని అందరూ అరుస్తున్నా ఆ పిల్ల వాడికోసం వెనక్కి ఎగురుతుంది. ఒక్క బిడ్డనైనా వదిలేసి రావటం చేతకాని పిల్ల అది.

నేను ఏడ్చాను. మర్యాదగా కళ్లొత్తుకోవటం కాదు, ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటి శబ్దంతో. సిరి తన గౌను జేబులోని రుమాలు తీసి నాకిచ్చింది. పెద్దాయన నా వీపు నిమిరి, "ఊకో బిడ్డా, బతుకుతది" అన్నాడు.

బతికింది. తెర మీద పేర్లు మొదలయ్యాయి. ఆ తాతకు శక్తులు తిరిగి రావాల్సిందని పెద్దాయన, రాకపోవటమే గొప్పని నేను. వాదించుకుంటూ మెట్లు దిగాం, వాదించుకుంటూ రోడ్డెక్కాం, బస్టాండు దాకా నడిచాం. అక్కడ ఆయన మనవలను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి సరిచూసుకుని బస్సెక్కించాడు. ఎంత జాగ్రత్త గల మనిషి అని మనసులో మెచ్చుకున్నాను. ఆ సంగతి మీకు చెప్పటానికి నాకు నిజంగానే సిగ్గుగా ఉంది.

తేలిపోతూ ఇల్లు చేరాను. అక్క గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా వెనక్కి చూసింది.

"పిల్ల ఏదిరా?"

"ఏ పిల్లక్కా, ఎగిరేదా?"

అక్క చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కథ అడుగుతోందనుకుని, "ఆఖరుకు మబ్బులల్లకు పోయిందక్కా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చి, గాలిలో తిరిగి, మళ్లీ నా చెవిలో పడ్డాక గాని నాకు తెలివి రాలేదు. అక్క ముఖంలో రక్తం లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. వెనకే నేను.

ఆ పరుగులో నవ్వటానికి ఏమీ లేదు. హాలు ముందు లారీలు పోయే రోడ్డు, ఆ అవతల రైలు పట్టాలు. దారిలో కనిపించిన ప్రతి చిన్న గౌనూ సిరిదే అనిపించింది, ఏదీ కాలేదు. అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. భూమి చీలితే బాగుండు, కానీ పిల్ల దొరికాకే చీలాలి అనుకుంటూ పరుగెత్తాను.

హాలు ఇంకా కనిపించకముందే మైకు వినిపించింది. బండ్ల స్టాండులో అడ్డంగా పెట్టిన మోటారు సైకిళ్లు తీయమని అరవటానికి వాడే మైకు అది.

"ఒక మామ తప్పిపోయిండు. మానుకోట కాలేజీల లెక్కలు చెప్తడట. నీలం రంగు అంగీ. సినిమా చూసి బాగా ఏడ్చిండట. ఎవరికన్న కనవడితే జర టికెట్ల కిటికీకాడికి తోలుకరాన్రి. ఆయన మేనకోడలు ఎదురుసూస్తున్నది."

గేటు లోపల, టికెట్లిచ్చే ఆయన స్టూలు మీద, సిరి కాళ్లూపుకుంటూ మరమరాలు తింటోంది. చుట్టూ జనం. మరో ఆట కోసం వచ్చిన వాళ్లు కూడా టికెట్లు మానేసి నాకోసం నాలుగు దిక్కులా వెతుకుతున్నారు. జరిగింది ఏమిటంటే, పేర్లన్నీ అయిపోయాక తెర మీద ఇంకొక చిన్న ముక్క వస్తుందని సిరికి తెలుసు. అది చూసి తిరిగేసరికి మామ లేడు. బెంబేలు పడకుండా తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది.

అక్క పిల్లను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. అంతసేపూ లేని ఏడుపు అప్పుడొచ్చింది. తరవాత, పిల్లను చంకనే ఉంచుకుని, నా వీపు మీద ఒక్కటిచ్చింది. జనగామ జనం అందరి ముందూ. నేను కదలలేదు. ఇంకొకటి ఇచ్చినా తీసుకునేవాణ్ని.

సిరి అక్క చెయ్యి పట్టుకుంది.

"కొట్టకే అమ్మా. దొరికిండు గద."

గుంపంతా ఘొల్లుమంది. అదే గుంపులోంచి ఒక కుర్రాడు ముందుకు వచ్చి, చేతులు జోడించి, ఎంతో వినయంగా నమస్కారం పెట్టాడు. మా కాలేజీ వెనక బెంచీవాడు. వాడి సొంతూరు జనగామ అని నాకు అప్పుడే తెలిసింది.

"దొరికిన్రా సార్?" అన్నాడు.

సాయంత్రం దుకాణానికి వెళ్లి బావకు నేనే చెప్పాను. ఆయన తాళం వేసి ఇంటికొచ్చి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నేను బయల్దేరేదాకా కిందికి దించలేదు. అక్క నా రైలు ప్రయాణానికి అన్నం కట్టిచ్చింది. వాళ్లు తిట్టి ఉంటే ఆ అన్నం తినగలిగేవాణ్ని.

కాబట్టి, సమస్త తల్లిదండ్రుల సమక్షంలో, చేతులు జోడించి, లెక్కల పుస్తకం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఏ పిల్లనూ నేను సినిమాకు తీసుకెళ్లను. పిల్లలే నన్ను తీసుకెళ్తే మాత్రం, భద్రంగా ఇంటికి చేర్చాల్సిన బాధ్యత వాళ్లదే.