నాలుగే పేలాయి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒకే చావుకు రెండు కోర్టుల్లో బోనెక్కినవాణ్ణి నేను, మొదటి కోర్టులో నన్ను నా అబద్ధం కాపాడింది, రెండో కోర్టులో నా దేవుడు కాపాడాడు, ఆ రెంటికీ ఉన్న తేడా చెప్పుకుందామనే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

తొంభైల్లో కతార్‌లో, దోహా నుంచి మదీనత్ అల్ షమాల్ వెళ్ళే దారిలో, ఒక రాళ్ళ క్వారీలో మందు పేల్చే పని నాది. జగిత్యాల దగ్గర మా నాయన చేసిన పనే. బండకు బెజ్జాలు వేసి, మందు కూరి, ముట్టించి, దూరంగా వచ్చి చప్పుళ్ళు లెక్కపెట్టాలి. ఎన్ని బెజ్జాలో అన్ని చప్పుళ్ళు వినబడాలి, ఒక్కటి తగ్గినా ఆ పూట ఎవరూ అటు పోకూడదు. లెక్క కుదిరితే నేను కుడిచెయ్యి ఎత్తుతాను, అది చూశాకే మిషన్‌వాళ్ళు కదులుతారు.

నాకు కోపం ముక్కు మీద ఉండేది. డ్రిల్లింగ్ మిషన్ నడిపే గుల్ జమాన్ అనే పఠాన్‌తో క్యాంపులో నీళ్ళ దగ్గర గొడవపడి, నిన్ను చంపకపోతే చూడు అని పదిమందిలో అరిచాను. నరం లేని నాలుక, ఏమైనా అంటుంది! వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం ఐదు బెజ్జాలు ముట్టించాను. నాలుగే పేలాయి. ఫోర్‌మన్ యల్లా యల్లా అని తరుముతున్నాడు, అన్నం వేళ దాటిపోయింది, రెండు కలిసి పేలి ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని చెయ్యెత్తాను. గుల్ జమాన్ నా చెయ్యి చూసి, తల ఊపి, మిషన్‌తో లోపలికి వెళ్ళాడు. పేలకుండా మిగిలిన మందుకు మిషన్ తగిలింది. అతను అక్కడికక్కడే చనిపోయాడు.

మొదటి కోర్టులో, నేను చెయ్యెత్తకముందే అతనే తొందరపడి వెళ్ళాడని చెప్పాను. మిగతావాళ్ళు గుట్ట వెనక ఉన్నారు, ఫోర్‌మన్ తన మెడ కాపాడుకోవడానికి నా మాటే చెప్పాడు. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు, నాది బాగానే అతికింది. పేలుడు మందు నియమాలు తప్పినందుకు రెండేళ్ళ జైలుతో సరిపెట్టారు.

పది నెలలు గడిచాక జైలుకు ఒక అరబ్బీ కాగితం వచ్చింది. దోహాలోని అల్ మన్సూరాలో ఉంటూ ఖైదీలను చూడడానికి వచ్చే శామ్యూలన్న దాన్ని చదివించుకుని వచ్చి చెప్పాడు. గుల్ జమాన్ వాళ్ళ అన్న పెషావర్ నుంచి వచ్చి, కావాలనే చంపాడని షరియత్ కోర్టులో ఫిర్యాదు చేశాడట. ఆ కోర్టు వేరు, పడిన శిక్ష అక్కడ పనికిరాదు, హత్య అని తేలితే ప్రాణానికి ప్రాణమే, చనిపోయినవాడి ఇంటివాళ్ళు క్షమిస్తే తప్ప. నేను అరిచిన మాటే నా మీద సాక్ష్యం.

పాత మాట మీదే నిలబడమని జైల్లో అందరూ అన్నారు. నాలుగే విన్నానని ఒప్పుకుంటే నా ఉరితాడు నేనే పేనుకున్నట్టు. ప్రార్థన చెయ్యమని శామ్యూలన్నను అడిగాను.

"నీ కోసం చేస్తాను తమ్ముడూ. నీ అబద్ధానికి మాత్రం ఆమెన్ చెప్పలేను" అన్నాడు.

ఆయన మీద కోపంతో నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. చెవుల్లో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చప్పుళ్ళు, ఆ తర్వాత ఐదోదాని కోసం ఎదురుచూపు, అదే తిరిగి తిరిగి వచ్చేది. చివరికి మోకాళ్ళ మీద పడ్డాను. "ప్రభువా, అబద్ధమాడి బతికినా, నిజం చెప్పి సచ్చినా నీ ముందటికే వస్త గద. నా నోరు నువ్వే తెరువు" అని ఏడ్చాను.

షరియత్ కోర్టులో గుల్ జమాన్ వాళ్ళ అన్న లేచి, నా తమ్ముడు తన తొందరతో తనే చచ్చాడని మా అమ్మకు చెప్పారు, వాడు అలాంటివాడు కాదు అన్నాడు. దుబాసీ అరబ్బీలో చెబుతుండగా నేను వచ్చీరాని హిందీలో అంతా చెప్పేశాను, నాలుగే విన్నానని, అయినా చెయ్యెత్తానని, చంపాలని మాత్రం కాదని. ఆ అన్న బోను దగ్గరకు వచ్చి, నీ చెయ్యి చూసే వెళ్ళాడా అని ఒక్కటే అడిగాడు. చూసే వెళ్ళాడు, నన్ను నమ్మే వెళ్ళాడు అన్నాను.

ఆయన ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత న్యాయాధిపతి వైపు తిరిగి, నాకు ఇతని ప్రాణం వద్దు, మా అమ్మకు చెప్పుకోవడానికి ఈ మాట చాలు అన్నాడు. మిగిలిన శిక్ష పూర్తి చేసుకుని ఇల్లు చేరాను. నన్ను బతికించిన దేవునికే మహిమ!

సహోదరులారా, ఆరాధనలో మీరంతా చేతులెత్తుతారు, నా కుడిచెయ్యి ఇప్పటికీ కాస్త ఆలస్యంగా లేస్తుంది. మీ లోపల ఎక్కడైనా ఒక చప్పుడు తక్కువ వినబడుతుంటే, అంతా బాగుందని చెయ్యెత్తకండి. నా ప్రభువును నమ్మి, నాలుగే విన్నానని ముందు ఆయనకు చెప్పండి.