తూర్పుగాలి మెల్లగా వీస్తోంది

మబ్బులాయనకు ఉన్నది ఒక్కటే జబ్బు. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే చాలు, వాతావరణం దగ్గర మొదలుపెట్టేవారు. అసలు సంగతి ఆ నోట్లోంచి ఊడిపడే లోపల వినేవాళ్లకు తల నెరిసేది.

పెళ్లయిన కొత్తలో ఇల్లాలికి ఈ సంగతి తెలియదు. ఒకనాడు ఆవిడ తడిబట్టల బకెట్టు మోసుకుంటూ పెరట్లోకి వస్తుంటే ఎదురుగా నిలబడి, "ఆకాశం నిర్మలంగా ఉంది. తూర్పుగాలి మెల్లగా వీస్తోంది" అన్నారు. కొత్త మొగుడు సరసమాడుతున్నాడనుకుని ఆవిడ సిగ్గుపడింది. "దూరాన రెండు తెల్లమబ్బులు..." అన్నారు. ఇంకా సిగ్గుపడింది. బకెట్టు కింద పెట్టి తల వంచుకున్నాక తెలిసింది, పుట్టింటివాళ్లు ఇచ్చిన గాజుకూజా వంటింట్లో నాలుగు చెక్కలైందని. ఆ రోజుతో సిగ్గుపడటం మానేసింది. "తూర్పుగాలి" అని చెవిన పడగానే, "ఏం పగలగొట్టారు?" అని అడగడం నేర్చుకుంది.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి, వార్తలు చెప్పడం! మొదట్లో పత్రికలో ఎండావానల సంగతులు రాసేవారు. ఒకసారి సైన్సు రాసేవాడికి జ్వరం వస్తే, "నువ్వూ పైకి చూసేవాడివేగా, వెళ్లు" అని రాకెట్ ప్రయోగానికి తోలారు. ఆ నిప్పు, ఆ ఉరుము చూసొచ్చాక ఇక కిందికి చూస్తే ఒట్టు. పత్రికలో అంతరిక్షం శీర్షిక, రేడియోలో ప్రయోగాలకు ప్రత్యక్ష వ్యాఖ్యానం, ఆదివారాలు పిల్లల కార్యక్రమం. రేడియోవాళ్లు బహుమానంగా ఇచ్చిన రాకెట్ బొమ్మ కప్పులో తప్ప మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. చంద్రుడి మీద గుంతల పేర్లన్నీ గడగడా చెప్పేవారు గానీ, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగితే మళ్లీ మబ్బులే గతి.

రాకెట్ సజావుగా వెళ్తే ఆయనంత వ్యాఖ్యాత లేడు. ఒక్కో దశా విడిపోవడం ఉల్లిపొర ఒలిచినట్టు చెప్పేవారు. తేడా వచ్చిందో, అయిపోయిందే! మిగతా స్టేషన్లన్నీ "విఫలం, విఫలం" అని గోల పెడుతుంటే, ఈయన సముద్రం మీద ఎగిరే కొంగల్ని వర్ణిస్తూ ఉండేవారు. వాతావరణం రాసిన చెయ్యి, పాత వాసన పోలేదని ఆఫీసులో నవ్వుకునేవారు. మబ్బులాయన అన్న పేరు పెట్టిందీ వాళ్లే.

మర్నాడు ఇల్లాలు సరుకులకు వెళ్తే కొట్టతను ఊరుకునేవాడా?

"అమ్మగారూ, ఇంతకీ నిన్న రాకెట్టు ఎగిరిందా, కొంగలే ఎగిరాయా?"

"కొంగలు తిన్నగానే ఎగిరాయి నాయనా. నీ తక్కెడే ఓ పక్కకు వాలుతోంది, చూసుకో."

బయట అలా వెనకేసుకొచ్చినా, ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టేది. "ఒక్కసారైనా ముందు చెప్పి చావరేమండీ! ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను."

"చెప్పానుగా. కాస్త వెనకాల చెప్పాను" అనేవారు ఆయన.

ఇలా ఉండగా పదవీ విరమణ దగ్గరపడింది. మరుసటి ఏడాది మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లే అంతరిక్ష నౌక ఎగరబోతోంది. దానికి వ్యాఖ్యానం చెప్పాలని ఆయన వయసులో ఉన్నప్పటి నుంచీ కలలు కంటున్నారు. రేడియో డైరెక్టరు పిలిచి మెత్తగానే చెప్పాడు.

"గురువుగారూ, మీ గొంతంటే నాకూ ప్రాణమే. కానీ ప్రతిసారీ మనమే ఆఖరు. రేపటి ప్రయోగంలో ఏం జరిగినా మొదటి మాట మనదే కావాలి. చెప్పారా, రెండేళ్లు పొడిగిస్తాను, ఆ నౌక మీదే. మళ్లీ మబ్బులెక్కారో, తిన్నగా ఇంటికే."

ఇది విన్న ఇల్లాలు, "రేపు నేనూ వస్తాను" అంది.

"నువ్వెందుకోయ్?"

"మీరు మబ్బులెక్కితే కాళ్లు పట్టుకుని కిందికి లాగడానికి."

ప్రయోగ కేంద్రంలో పనిచేసేవాళ్ల కుటుంబాలకు ఒక హాలుంది. గోడ మీది రేడియో పెట్టెలోంచి మబ్బులాయన గొంతు వస్తూ ఉంటుంది. ఆయన కూర్చునే అద్దాలగది మేడ మీద, ఒకవైపు ఆకాశం, ఇంకోవైపు ఈ హాలు కనపడేలా ఉంది. ఇల్లాలి పక్కన కూర్చున్నావిడ, ఆ రాకెట్ కట్టిన పెద్ద ఇంజనీరు భార్య.

"మీవారి గొంతు ఎంత బాగుంటుందండీ!"

"ఇంట్లోనూ ఇంతేనమ్మా, ఆపరు."

రాకెట్ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది పైపైకి వెళ్లి, చుక్కంతై, కనపడకుండా పోయింది. మొదటి దశ విడిపోయిందన్నారు. చప్పట్లు. ఇంతలో గొంతు కాస్త మెత్తబడింది.

"ఆకాశం నిర్మలంగా ఉంది. తూర్పుగాలి మెల్లగా వీస్తోంది..."

ఇల్లాలు కుర్చీ అంచుకు జరిగింది. ఆ హాల్లో ఆ మాటకు అర్థం తెలిసింది ఆవిడ ఒక్కదానికే. 'చెప్పవయ్యా మహానుభావా! నీ నౌక పోతోంది, చెప్పు!' అని లోపల్లోపలే పళ్లు నూరుతూ పైకి చూసింది. మహానుభావుడు ఆకాశానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. కొంగల్ని వర్ణిస్తున్నాడే గానీ ఒక్క కొంగనూ చూడటం లేదు. ఆయన కళ్లు ఇంజనీరు భార్య మీద, తర్వాత తలుపు మీద, మళ్లీ ఆవిడ మీద.

తలుపు తెరుచుకుంది. కేంద్రంలో పనిచేసే పెద్దావిడ ఒకరు ఆయాసపడుతూ వచ్చి, ఇంజనీరు భార్య పక్కన కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ తల పెద్దావిడ భుజం మీద వాలింది.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, పెట్టెలోంచి వినిపించింది: "శ్రోతలారా, ప్రయోగం విఫలమైంది." అప్పటికి ఊళ్లో కుక్కలకు కూడా తెలిసిపోయింది.

తిరుగు బస్సులో ఇల్లాలు అడిగింది. "ఎప్పుడూ ఇందుకేనా?"

"మొగుడి పదేళ్ల కష్టం సముద్రంలో పడిందని గోడ మీది పెట్టె చెప్పడమేమిటోయ్? పక్కన ఒక మనిషి ఉండొద్దూ? కంట్రోల్ రూము నుంచి ఆ హాలుకు వరండా చాలా పొడుగు. పెద్దావిడ మోకాళ్లు అంతంతమాత్రం. ఆవిడ చేరేదాకా నేను ఏదో ఒకటి వాగుతూ ఉండాలి కదా!"

"ఆ ముక్క డైరెక్టరుతో చెప్పొచ్చుగా?"

"చెబితే ఆ పెట్టె పీకేస్తారు. అప్పుడు మంచి కబురు వాళ్లు ఎలా వింటారు?"

ఇల్లాలు కిటికీలోంచి బయటకు చూసింది. ఎన్నడో పగిలిన కూజా గుర్తొచ్చింది. ఆనాడు మబ్బులు సాగింది, తన చేతిలో బకెట్టు కిందికి దిగేదాకానే.

వారం తిరక్కుండా ఆయన ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఆకాశం నిర్మలంగా..." అన్నారు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "కూర్చున్నాను. ఏం పగిలింది?"

"పొడిగింపు."

"అంతేనా! గాజుది కాదుగా" అంది. "ఆ నౌక ఎగిరేనాడు డాబా మీద కూర్చుందాం. నాకొక్కదానికే చెబుదురుగాని వ్యాఖ్యానం."

ఆయన ముఖం విప్పారింది. "కొంగలతో సహానా?"

"కొంగలతో సహానే. అది సరేగానీ..." ఆవిడ వంటింటి వైపు ఓసారి చూసి, గొంతు మెత్తగా చేసింది. "ఇవాళ తూర్పుగాలి మెల్లగా వీస్తోంది, గమనించారా?"

మబ్బులాయన గబుక్కున ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నా రాకెట్ కప్పేనా?"

"దూరాన రెండు తెల్లమబ్బులు కూడా ఉన్నాయి" అంది ఇల్లాలు.